వంగిన పోతయినుము
ప్రాత ఫోర్డుబండి పొగనాళము, దానిని సరిచేయు పని, దాని పూర్వకథ

ఈ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాసి పంపుడని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, వారు మనసున నుంచుకొన్నది విశ్వకర్మ వంశానుచరితమో ఆలయశిల్పమో యైయుండును. ఆ విషయములను గూర్చి గత సంచికలయందు పెద్దలు విపులముగా వ్రాసియున్నారు. మేము ఈ మాఱు మిక్కిలి చిన్నదియు, మసిపట్టినదియు నగు వస్తువు నొకదానిని చేపట్టుచున్నాము. అది ఫోర్డు కంపెనీవారి 'టీ' మోడలు మోటారుబండి యింజనునకు ప్రక్కను బిగించియుండు పోతయినుప పొగనాళము. మెకానిక్కులు దానిని మానిఫోల్డు అందురు. అది కాలక్రమమున వంగిపోవును. వంగినదానిని విఱుగకుండ సరిచేయుట యెట్లు? ఈ ప్రశ్న వెంటబోయి, మన వృత్తిచరిత్రలో పలువురు పలుకుటకు సంకోచించు విషయ మొకదానియొద్దకు మేము చేరితిమి. సంస్కృతము చదువుకొన్నవానికి ఇంజనులతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. కొలిమియింట పుట్టినవానికి ఇనుముతో పనిలేకపోవుట యెట్లని మా ప్రత్యుత్తరము.

మొదట ఆ బండిని గూర్చి నాలుగు మాటలు. హెన్రీ ఫోర్డు అమెరికాయందలి డెట్రాయిటు నగరమున 1908వ సంవత్సరము అక్టోబరు మాసమున 'టీ' మోడలును విక్రయమునకు పెట్టెను. 1913లో హైలెండు పార్కు కర్మాగారమున, బండి పనివానియొద్దకు నడచివచ్చునట్లు సాగుడు వరుసను ఏర్పఱచెను. దానితో వెల దిగిపోయి, 1925 నాటికి ఇద్దఱు కూర్చుండు బండి 260 డాలర్లకే వచ్చుచుండెను. 1927లో నిర్మాణము నిలిపివేయునాటికి ఒకటిన్నర కోటికి పైగా బండ్లు తయారయ్యెను. బ్రిటిషు సామ్రాజ్యమునకు లోబడిన దేశములకు ఇవి కెనడా శాఖనుండి వచ్చుచుండెడివి. మన దేశమునందు ఫోర్డు ఇండియా కంపెనీ 1926లో స్థాపింపబడినది. అంతకు ముందే జమీందారులు, వర్తకులు, ప్లీడర్లు ఈ బండ్లను కొనియుండిరి. వానిలో పెక్కు తుక్కులో కలిసిపోగా, మిగిలినవానిని నేడు కొందఱు అభిమానులు పోషించుచున్నారు. ఢిల్లీలో 1964లో ఆరంభమైన ప్రాతబండ్ల ఊరేగింపు వంటివి వీనికి మరల ఆదరమును కలిగించినవి.

ఈ బండి యింజనునకు నాలుగు సిలిండరులు. నాల్గింటిని ఒకే దిమ్మగా పోతపోసిరి. మొత్తము కొలత 177 ఘనపు టంగుళములు, బలము 20 అశ్వశక్తులు. సిలిండరులలో మండిన వాయువు దిమ్మయొక్క కుడిప్రక్కనున్న నాలుగు రంధ్రములగుండ వెలువడును. ఆ నాల్గింటిని కలుపుకొని వెనుకకు తీసికొనిపోవునదే మన పొగనాళము. దాని వెనుకకొనకు పెద్ద యిత్తడి నట్టుతో పొడుగాటి గొట్టము తగిలింపబడి, అది బండిక్రిందుగా శబ్దము నణచు డబ్బా వఱకు పోవును. నాళమును దిమ్మకు అదిమిపట్టుటకు నాలుగు స్టడ్డులు, నాలుగు పట్టీలు కలవు. ఇచ్చట నొక చిత్రము గమనింపదగినది. పొగ వెడలు నాళమును, పెట్రోలుగాలి లోనికి పోవు నాళమును ఒకే పట్టీ అదిమిపట్టును. ఒక కాలు దీనిపై, ఒక కాలు దానిపై. వెల తగ్గించుటకు ఫోర్డు చేసిన పొదుపులలో నిది యొకటి. పొదుపు మంచిదే గాని, ఒకడు జాఱినచో రెండవవాడును పట్టు తప్పును. ఉమ్మడి కుటుంబములు చూచినవారికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

వ్యర్థముగా పోవు పొగకు ఇంత మర్యాద యేల యని యడుగవచ్చును. ఆవిరియంత్రముల కాలమునుండియు వెడలిపోవు వాయువు యంత్రముయొక్క జీవములో భాగమై యున్నది. 1804లో ట్రెవితిక్కు తన రైలింజనున వాడిన ఆవిరిని పొగగొట్టములోనికి మరలించెను. 1829లో రెయిన్‌హిల్ పందెమున గెలిచిన స్టీఫెన్సనుల 'రాకెట్టు' కూడ ఆవిరిని అట్లే పొగగొట్టములోనికి వదలి నిప్పునకు గాలి లాగుకొనెను. పెట్రోలింజనున నిప్పు లోపలనే మండును గనుక అట్టి సహాయము అక్కఱలేదు. కాని పొగ తిన్నగా, బిగువుగా వెడలనిచో ఆ యింజను ఊపిరాడని రోగివలె నగును.

ఇక నాళమేల వంగును? ఇందుకు కారణములు మూడో నాలుగో కలవు. అవి యొకదాని చేయి యొకటి పట్టుకొని పనిచేయును.

పోతయినుమున నూటికి మూడుపాళ్ళకు పైగా బొగ్గుపదార్థ ముండును. అందు చాల భాగము సన్నని రేకులుగా ఇనుములో చెదరియుండును. ఈ రేకులే దానికి బూడిదవన్నెను, పెళుసుదనమును ఇచ్చును. మిగిలిన బొగ్గు ఇనుముతో కూడి గట్టి సమ్మేళనమై యుండును. ఎఱ్ఱగా కాలునంతటి వేడి పలుమాఱులు తగిలినచో ఆ సమ్మేళనము విడిపోయి, ఇనుము వేఱు, బొగ్గు వేఱు అగును. విడిపోయినవి ముందటికంటె నెక్కువ చోటు కోరును. మఱియు ఆ రేకుల సందులగుండ గాలి లోనికి ప్రవేశించి ఇనుమును లోలోపలనే తుప్పుగా మార్చును. తుప్పునకును చోటెక్కువ. ఈ రెండు కారణములచేత పోతయినుము కాగి కాగి శాశ్వతముగా పెరుగును. ప్రాణములేని లోహము పెరుగుననుట విననింపు కాకున్నను, 1904లో అమెరికాలో ఔటర్‌బ్రిడ్జి యను లోహశాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగములచే చూపెను. 1909లో ఇంగ్లాండున రూగను, కార్పెంటరు అను ఇరువురు దీనిని మఱింత శోధించిరి.

ఇది శాశ్వతమగు పెరుగుదల. ఇదికాక ప్రతిదినమును కాగినపుడు సాగుట, చల్లారినపుడు ముడుచుకొనుట కలదు. అడుగు పొడవుగల పోతయినుప కడ్డీని 500 డిగ్రీలు వేడిచేసినచో ఇంచుమించు అంగుళమున పదునాఱవ వంతు సాగును. పట్టీలు దానిని సాగనీయవు. సాగవలసినది సాగలేక, మెత్తబడిన వేడిలో తనలో తానే అణగి, చల్లారునపుడు వక్రమగును. దీనికి తోడు వెనుకనున్న పొడుగాటి గొట్టము బరువు. బండి గతుకులలో ఎగిరిపడునపుడెల్ల ఆ గొట్టము నాళముయొక్క వెనుకకొనను క్రిందికి లాగుచుండును. అందుచేతనే వంపు ఎల్లప్పుడును నాల్గవ సిలిండరువద్దనే యెక్కువ.

నాల్గవ కారణము బండి నడపువాని చేతిలో నున్నది. 'టీ' బండియందు చుక్కానికి ఎడమవైపున ఒక మీట గలదు. అది నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలయునో నిర్ణయించును. రవ్వ ఆలస్యముగా పుట్టినచో వాయువు సిలిండరులో పూర్తిగా పనిచేయక, మండుచునే నాళములోనికి పోవును. అప్పుడు రాత్రివేళ చూచినవారికి నాళము ఎఱ్ఱగా వెలుగుచు కనబడును. చోదకుడు మీటను క్రిందికి దించుట మఱచి క్రోసుల కొలది నడపినచో, ఆ పోతయినుము ప్రతిక్షణము కొలిమిలో నున్నట్లే. మంచి పనివాడు చేసిన వస్తువు మఱపుగలవాని చేతిలో పాడగుట ఈ బండితోనే మొదలుకాలేదు.

వంగినపిదప జరుగు అనర్థము గుండ్రముగా తిరుగును. నాళపు ముఖము దిమ్మనుండి ఎడమగును. పట్టీ వంకరపడును. పట్టీయొక్క రెండవ కాలు పెట్రోలు నాళమును కూడ సరిగా అదుమదు. ఆ సందున వెలిగాలి చొఱబడి మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము మెల్లగా మండి నాళమును మఱింత కాల్చును. మఱింత కాలినది మఱింత వంగును. మొదట 'టిక్ టిక్' మని చిన్న చప్పుడు మాత్రము వినబడును. ఆ చప్పుడును ఉపేక్షించినవారు చాల మంది. కాని ఆ సందునుండి వెడలు వాయువులో రంగును వాసనయు లేని కార్బను మోనాక్సైడు విషము గలదు. అది తలనొప్పితో మొదలై ప్రాణమును కూడ తీయగలదు. ఈ బండి కాళ్ళక్రింది పలకలు కొయ్యవి గావున నిప్పుభయమును కలదు. కావున ఇది వేడుకగాండ్ర సౌందర్యవిషయము కాదు.

ఇక మేము ఆరంభమున సూచించిన విషయము. మన సంచికలలోను, సభావేదికలమీదను తఱచుగా వినబడు మాట యొకటి కలదు: ఇనుమును గూర్చి మన పూర్వులు ఎఱుగనిది లేదు, పాశ్చాత్యులు క్రొత్తగా కనిపెట్టినది లేదు అని. ఇట్లు చెప్పువారు రసరత్నసముచ్చయమును సాక్ష్యముగా చూపుదురు. పదుమూడవ శతాబ్ది ప్రాంతమున పుట్టినదిగా పండితులు తలంచు ఆ గ్రంథము ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడు జాతులుగా విభజించును. ముండమును మరల మృదువు, కుంఠము, కడారము అని మూడు విధములుగా చెప్పును. వీనిలో కడారము సుత్తిదెబ్బకు విఱుగునది. విఱుగునది గనుక అదియే పోతయినుమని మనవారు కొందఱు నిర్ణయించిరి.

మేము ఆ గ్రంథమును మూలముననే చదివితిమి. అది రసవైద్యగ్రంథము. దాని దృష్టి భస్మములమీద నున్నది. విఱుగుట యను నొక్క లక్షణమునుబట్టి పోతయినుమని తేల్చుటకు వీలులేదు. చిట్టెము సరిగా పోని ఇనుమును విఱుగును, గంధకము చేరిన ఇనుమును విఱుగును. కరగించి అచ్చులో పోసి వస్తువులు చేయు పద్ధతిని గూర్చి కడారప్రకరణమున ఒక్క మాటయు లేదు. చీనాదేశమునందు క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్ది నాటికే పోతయినుప పనిముట్లు కలవు. ఐరోపాయందు మధ్యయుగాంతమున అది వ్యాపించినది. మన కమ్మరుల కొలిమిలో మాత్రము ఇనుప రాయి కరగి నీరగుట కాక, మెత్తని ముద్దగా దిగి, సమ్మెటదెబ్బలచే శుద్ధియగుచుండెను. అది చేత ఇనుము. ఢిల్లీ స్తంభము అట్టిది. ధారలోని బలిష్ఠమగు స్తంభము అట్టిది. మన ప్రతిభ దెబ్బలో నున్నది, పోతలో కాదు. కంచుపోతయందు మన కంచరులు అసమానులు. ఇనుపపోత మాత్రము మన సొత్తు కాదు. దక్షిణదేశమున పెద్ద కొలిమి నిర్మించి ఇనుమును పోతపోయుట 1830లో పోర్టోనోవో యొద్ద హీతు అను నాంగ్లేయుడు స్థాపించిన కర్మాగారముతో నారంభమైనదని చెప్పవచ్చును. ఈ సత్యమును చెప్పుటవలన మన గౌరవమునకు లోపమేమియు రాదు. లేనిదానిని ఉన్నదనుటవలన ఉన్నదానిని కూడ లోకము నమ్మకుండును.

ఉన్నది ఏమి? ఉక్కు. నేటి తెలంగాణమునందలి కోనసముద్రము అను గ్రామమునుండి ఉక్కుముద్దలు పారసీకదేశమునకు పోవుచుండెను. ఆ దేశపు వర్తకులు స్వయముగా వచ్చి కొనుచుండిరి. డమాస్కసు కత్తులుగా లోకప్రసిద్ధి గాంచినవానికి ఇట్టి ఉక్కే మూలధాతువు. ఆ పద్ధతిని వాయిసీ యను నాంగ్లేయ వైద్యుడు చూచి వ్రాసిన వర్ణనము 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది. ఇనుమును మూసలో మూసి కరగించి, కదల్పక చల్లార్చి, పిమ్మట ముద్దకు మట్టి పూసి మరల గంటలకొలది కాచి నెమ్మదిగా ఆఱనిచ్చుట అందలి రహస్యము. బొగ్గుపాలు నూటికి ఒకటిన్నరకు అటునిటుగా నుండుటచే ఆ ఉక్కు చేత ఇనుమునకును పోతయినుమునకును నడుమ నిలిచినది.

1794లో బొంబాయినుండి ఈ ఉక్కుముద్దలు లండనునందలి రాయల్ సొసైటీ అధ్యక్షునికి పంపబడెను. మఱుసటి సంవత్సరమున పియర్సను అను విద్వాంసుడు వానిని పరీక్షించి వ్యాసము చదివెను. తరువాత ఫారడే యంతటివాడు కత్తులపనివాడగు స్టోడార్టుతో కలిసి వానిపై ప్రయోగములు చేసెను. అయినను ఆనాటి ఇంగ్లీషు కమ్మరులలో పెక్కుఱు ఈ ముద్దను సాగగొట్టలేకపోయిరి. ఏలయన, వారు తమ ఇనుమునకు అలవాటైన తెల్లని వేడిని దీనికిని పెట్టిరి. ఆ వేడిలో సమ్మెట తగిలినంతనే అది పగిలి ముక్కలైనది. మందమగు ఎఱుపులో, చిన్న దెబ్బలతో, ఓపికగా కొట్టినచో మాత్రమే అది లొంగును. ఆ ఓపిక మనవారి యొద్ద నుండెను.

ఇప్పుడు కథ తిరుగబడును. వారి కమ్మరి మన ఉక్కును పాడుచేసినట్లే, వారి పోతయినుము మన ఊళ్ళకు వచ్చినపుడు మన కమ్మరి దానిని పాడుచేసెను. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన దినములనుండి, అనగా 1847 మొదలుకొని, గోదావరీ ప్రాంతమునకు యంత్రములు వచ్చుచుండెను. తరువాత బియ్యపుమిల్లులకు ఆవిరియింజనులును, ఆయిలు ఇంజనులును వచ్చెను. వంగినది కనబడినచో కమ్మరి చేయి సమ్మెటకు పోవుట సహజము. వేలయేండ్ల అలవాటది. కాని పోతయినుమును చల్లగానున్నపుడు కొట్టినచో పెంకువలె పగులును. తెల్లగా కాచి కొట్టినచో బెల్లపుముద్దవలె చిట్లును. రెండు విధములను పాడైన నాళములను, పాదములను, చక్రములను మేము తుక్కుకొట్లలో ఎన్నో చూచితిమి. పోతయినుము దెబ్బకు లొంగునది కాదు. మందమగు ఎఱుపులో, మెల్లని ఒత్తిడికి మాత్రమే లొంగును. చూడుడు, వేడివిషయమున ఇది కోనసముద్రపు పాఠమే. వారికి తెలిసినది సగము. మిగిలిన సగము సమ్మెటను ప్రక్కన పెట్టుట.

కృష్ణాతీరమున నొక పట్టణమునందు మన కులమునకు చెందిన వృద్ధుడొకరు ఈ పనిని ఏ విధముగా చేసెనో మేము దగ్గఱ నిలిచి చూచియున్నాము. ఆయన పేరు ప్రకటించుటకు ఒప్పుకొనలేదు. బండి ఒక వర్తకకుటుంబమువారిది. అంతకు ముందు దూరనగరమునందలి ఒక కర్మశాలవారు ఆ నాళమును సరిచేయుదుమని తీసికొని, వంపును విడువక, ముఖమును మాత్రము మిషనుపై అరగదీసి పంపిరి. దానివలన జరిగిన నష్టమును తరువాత చెప్పెదము.

ఆ వృద్ధుడు మొదట నాళమును విప్పుటకే రెండు దినములు తీసికొనెను. స్టడ్డులు తుప్పుపట్టి యుండెను. కిరసనాయిలులో తడిపిన గుడ్డలు చుట్టి, మఱునాడు నట్టును ఇంచుక ముందుకు, ఇంచుక వెనుకకు త్రిప్పుచు విప్పెను. స్టడ్డు దిమ్మలోనే విఱిగినచో దానిని తొలుచుట మూలపు పనికంటె పెద్దపని యగును. రంధ్రములచుట్టు ఉన్న ప్రాత గాస్కెట్లలో రాతినార యుండును. అది ఊపిరితిత్తులకు హానికరమని నేడు ఎల్లరును ఎఱుగుదురు. కావున ఆయన వానిని నీటితో తడిపి, దుమ్ము లేవనీయక తీసి, సంచిలో కట్టించెను. గీకి ఊదుట పూర్వపు పనివాండ్రకు అలవాటు. ఆ యలవాటు మాన్పవలసినది.

తరువాత పగులు పరీక్ష. నాళమును తుడిచి, కిరసనాయిలు పూసి, ఒక గడియ యుంచి, మరల పొడిగా తుడిచి, పైన సుద్దపొడి అద్దెను. పగులున్నచోట లోపల దాగిన కిరసనాయిలు వెలికి వచ్చి సుద్దమీద నల్లని గీత కనబడును. వేలాడదీసి చిన్న కొయ్యతో తట్టి మ్రోతకూడ వినెను. పగిలిన కుండను కొనునపుడు మన స్త్రీలు చేయు పరీక్షయే యిది. అదృష్టవశమున పగులు లేదు. ఉన్నయెడల వంపు తీయుట వృథాప్రయాస.

పిమ్మట సమతలమగు ఇనుపబల్లపై నాళమును ముఖము క్రిందుగా పెట్టి, సందులో పలుచని కొలతరేకులు దూర్చి చూచెను. మొదటి మూడు ముఖములును ఇంచుమించు ఆనియుండెను. నాల్గవది అంగుళమున ఎనిమిదవ వంతు లేచియుండెను. వంపు మూడవ రంధ్రమునకును నాల్గవ రంధ్రమునకును నడుమ నున్నదని దీనివలన తేలినది. ఎచ్చట వంగినదో అచ్చటనే తీయవలయును. ఎచ్చట సులభమో అచ్చట తీయరాదు.

ఆయన పట్టుబల్లగా రైలుపట్టా ముక్క నొకదానిని తీసికొని, దాని తలను సమముగా చెక్కించి యుంచుకొనెను. నాళమును దానిపై నుంచి, మొదటి మూడు ముఖములను పట్టీలతో బిగించెను. మిక్కిలి గట్టిగా బిగింపలేదు. కాగినపుడు సాగుటకు చోటుండవలెను గదా. నాల్గవ ముఖముపై మఱొక పట్టీ వదులుగా నుంచి, దాని మఱను చేతికి అందునట్లు పెట్టుకొనెను. అంతయు కలిపి బొగ్గునిప్పుమీద మెల్లమెల్లగా వెచ్చజేసెను. ఒకచోట మాత్రమే మంట పెట్టినచో, కాలినచోటు సాగి, చల్లనిచోటు సాగక, నడుమ పగులును. కావున ముందు అంతటిని సమముగా కాచుట ముఖ్యము. దీనికే గంటకు పైగా పట్టినది.

అప్పుడు గ్యాసుమంటతో మూడు నాల్గు రంధ్రముల నడిమిభాగమును చుట్టును త్రిప్పి త్రిప్పి కాచెను. కొట్టములో దీపమార్పించెను. ఏల యని మేమడిగితిమి. వెలుతురున్నచో ఎఱుపు కంటికి ఆలస్యముగా తెలియును, తెలియునప్పటికి వేడి మించిపోవునని చెప్పెను. పండిన రేగుపండు వన్నె కనబడినంతనే మంటను వెనుకకు తీసి, మఱను పావుచుట్టు త్రిప్పెను. ఆగెను. మరల కాచెను. మరల పావుచుట్టు. మోదుగుపువ్వు వన్నె రానిచ్చినచో పని చెడునట. మేము గడియారము చూచుచుంటిమి. ఎనిమిదవ వంతు అంగుళమును దించుటకు ఆయనకు నలుబది నిమిషములు పట్టినది. సమ్మెట కొట్టపు మూలను నిలువబెట్టినది నిలువబెట్టినట్లే యుండెను.

ముఖము ఆనినపిదప మఱను వెంట్రుకవాసి అధికముగా త్రిప్పెను. విడిచినపుడు కొంచెము వెనుకకు పోవు స్వభావము దానికి గలదు. తరువాత నాళమును పట్టాతోసహా పొడిబూడిదతో నింపిన పెట్టెలో పాతిపెట్టి, మఱునాటి మధ్యాహ్నము వఱకు ముట్టలేదు. యజమాని కుమారుడు సాయంకాలమే వచ్చి తొందరపెట్టగా, "బాబూ, కాచుట నా పని, ఆఱుట దాని పని. దాని పనిలో మనము చేయి పెట్టరాదు" అని పంపివేసెను. నీటిలో ముంచుట, గాలిలో పెట్టుట రెండును పోతయినుమునకు ప్రాణాంతకములు. మట్టి పూసి ఆఱనిచ్చిన కోనసముద్రపు పనివాండ్రను మేము అప్పుడు తలచుకొంటిమి. ఆ వృద్ధుడు వారిని గూర్చి ఎన్నడును వినియుండలేదు.

ఇక అరగదీతవలన నైన నష్టము. ఈ నాళమునందలి ప్రతి రంధ్రముచుట్టును మెట్టువలె చెక్కిన గాడి యుండును, దిమ్మయందును అట్టిదే యుండును. ఆ రెండు గాడులలోను కూర్చుండునట్లు ఉక్కుకట్టు నొకదానిని అమర్తురు. అది నాళమును రంధ్రమునకు సరిగా నిలుపును, రాగిగాస్కెట్టును మంటనుండి కాపాడును. వంపు తీయక ముఖమును మాత్రము సమముగా చెక్కినచో, చెక్కుడెక్కువ తగిలినచోట గాడి లోతు తగ్గి కట్టు కూర్చుండదు. మొదటి, నాల్గవ ముఖముల మందములు వేఱగుటచే పట్టీయొక్క రెండు కాళ్ళును సమముగా ఆనవు. చూపునకు అద్దమువలె నుండి పనికి రాకపోవుట ఇట్టి పనుల లక్షణము. ఆ వృద్ధుడు గాడులను మరల లోతుచేయించి, ముఖమును ఆకురాయితో స్వల్పముగా మాత్రము సరిచేసెను. వంపు తీసినపిదప ముఖమును కాగితమంత మందము చెక్కుట దోషము కాదు, ఆవశ్యకము కూడ. ముందు చెక్కుటయే దోషము.

విఱిగినదానిని ఇత్తడితో అతుకుట కొందఱు చేయుదురు. పొగనాళము ఎఱ్ఱబడు వేడిలో ఇత్తడి అతుకు బలహీనమై విడిపోవును. నికెలుకడ్డీతో వెల్డింగు చేయుట మేలు. కాని ముందు వెచ్చజేయుట, పిదప మెల్లగా ఆఱనిచ్చుట అందును తప్పవు. అమెరికాలో నేడు ఈ బండికి క్రొత్త నాళములు పోతపోసి అమ్ముచున్నారు. తెప్పించుకొనుట సులభమని, ఇంత శ్రమ యేల యని పోషకులలో కొందఱు అనవచ్చును. ధనవంతునకు అదియే మార్గము కావచ్చును. కాని క్రొత్తనాళము బిగించినను గొట్టమునకు ఆధారము లేనిచో, మీట మఱచినచో, అదియు వంగును. అప్పుడైనను వంపు తీయువాడు కావలెను. మా ఎఱుకలో ఈ జిల్లాయందు అట్టివారు ఇరువురో మువ్వురో మాత్రమే మిగిలిరి. వారి కుమారులు ఇతరోద్యోగములలో నున్నారు. అందుకు వారిని నిందింపము. మా కుమారుడును అంతే. అయితే గత పదియేండ్లుగా మన సంచికలయందు కోనసముద్రపు కీర్తిని గూర్చి అచ్చయిన పుటలలో నాల్గవ వంతైనను, బ్రదికియున్న ఆ మువ్వురి చేతిపనిని వ్రాసియుంచుటకు వినియోగించియుండినచో బాగుండెడిదని మా మతము. ఈ వ్యాసమున పని వివరములను ఇంత విస్తరించుటకు కారణము అదియే.

బిగింపును గూర్చి చెప్పి విరమింతుము. ఉక్కుకట్లను, క్రొత్త రాగిగాస్కెట్లను గాడులలో నిలుపుటకు ఆయన కొంచెము గ్రీజు పూసెను. నాళమును చేతితో నొక్కి చూచి, నాలుగు ముఖములును బలవంతము లేకుండ ఆనినవని తెలిసికొన్న తరువాతనే పట్టీలు పెట్టెను. నట్టులను నడిమి వానినుండి కొనలకు, కొంచెము కొంచెముగా బిగించెను. వెనుక గొట్టమునకు చట్రమునుండి ఒక ఆధారపు పట్టీ వేసి, దాని బరువు నాళముపై పడకుండ చేసెను. ఇత్తడినట్టును చేతితో పట్టించి, గొట్టము తనంత తాను సూటిగా వచ్చుచోట మాత్రమే బిగించెను. ఇంజనును పావుగంట నడిపి, రవ్వమీట ఏ స్థానమున నుంచవలెనో యజమాని కుమారునిచేత మూడుమాఱులు చేయించి చూచి, ఆపించెను. పూర్తిగా చల్లారిన తరువాత నట్టులను మరల తడవి చూడగా నాల్గింటను పావుచుట్టుకు తక్కువగా వదులు కనబడినది. దానిని బిగించి, నూఱు మైళ్ళు నడిపిన తరువాత మఱొక్క మాఱు తీసికొనిరమ్మని చెప్పి, చేతులు కడుగుకొనెను.